చప్పుడు లేని ఎర్రకారు

ఉదయ్‌కుమార్ ఎర్రకారులో దూరి కూర్చున్నాడు. కాళ్లు అందక సీటు కింద చెయ్యి పెట్టి ముందుకు లాక్కున్నాడు, చాలక ఇంకోసారి లాక్కున్నాడు, అప్పుడు బటన్ నొక్కాడు.

అంతే! వరండాలో బల్ల మీదున్న స్టీలు గ్లాసు ఆ అదురుకి జరుక్కుంటూ వచ్చి నేల మీద పడింది. పక్కింటి కుక్క గేటు కింద దూరింది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ ఏదో తిట్టు తిట్టి, తడి బట్టల బకెట్ అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

"విన్నారా ఆంటీ?" అని కారులోంచే అరిచాడు.

ఆంటీ! గౌరీశ్వరికి ఒళ్లు మండిపోయింది. యాభై దాటిన మాట నిజమే. కానీ బీమా కంపెనీకి ఇరవై ఏళ్లు సర్వేయరుగా చేసి, గుద్దిన బళ్లన్నిటి కిందా దూరి, దొంగ క్లెయిములు పెట్టినోళ్లందర్నీ ఏడిపించి, ఆ తరవాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. అలాంటి మనిషిని పట్టుకుని, వాళ్ల నాన్న పోర్టులో కాంట్రాక్టులు చేస్తే ఇక్కడ కూర్చుని తిని తిరిగే ఈ పొట్టి వెధవ ఆంటీ అంటాడా?

"విన్నాను బాబూ. ఇంక ఆపు. నీ గొప్ప తెలిసింది."

వాడు ఆపాడు. చెవుల్లో ఇంకా గుయ్యిమంటూనే ఉంది. కారు దిగి, బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు, ఫొటో తీసేవాళ్లెవరూ లేకపోయినా.

"సైలెన్సర్ మొత్తం పీకించేసి స్ట్రెయిట్ పైప్ వేయించాను. ఇంజను నుంచి చివరి దాకా ఒక్క అడ్డు లేదు. దువ్వాడ స్టేషన్ దగ్గర నేను మలుపు తిరిగితే, ఇక్కడ మా అమ్మ పాలు పొయ్యి మీద పెడుతుంది. అలాంటి కారు నిన్న పొద్దున ఈ రోడ్డు మీద పోతే ఒక్కరికీ వినపడదా? కాలనీ అంతా అడగండి. విన్నామని ఒక్కరంటే, ఇప్పుడే నన్ను స్టేషన్‌కి తీసుకుపోండి."

అక్కడే ఉంది చిక్కంతా. గౌరీశ్వరి అడిగింది. గేటు గేటుకీ వెళ్లి అడిగింది. ఎవరూ వినలేదు.

నిన్న, శుక్రవారం, అప్పుడే తెల్లారుతుండగా ఈ కాలనీ రోడ్డు మీదే దయానందం గారిని ఏదో బండి రాసుకుంటూ పోయింది. మోచేతికి దెబ్బ తగిలి ఆయన పడిపోయారు, తల వెళ్లి కాలవ గట్టుకి కొట్టుకుంది. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద. మూడేళ్లుగా ఈ ఎర్రకారు మోత మీద కనపడిన ప్రతి ఆఫీసులోనూ అర్జీ పెట్టింది ఆయనే. ఆ దారినే షేర్ ఆటో తోలుకుంటూ గాజువాక పోతున్న బెన్సన్, పడున్న మనిషిని చూసి, ఎత్తి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. దారిలోనే ప్రాణం పోయింది. ఆటోలో రక్తం ఉంది, కాలనీ వాళ్లు విన్నది ఆటో చప్పుడు. ఇంకేం కావాలి మన పోలీసులకి? బెన్సన్‌ని లోపలేశారు. చూసీ చూడనట్టు పోయుంటే ఈపాటికి ఇంట్లో కూర్చుని అన్నం తింటూ ఉండేవాడు.

ఈ మధ్యాహ్నం వాడిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరవాత జైలే.

బెన్సన్ భార్య మిరియం గేటు అవతల ఎండలో నిలబడి ఉంది. గౌరీశ్వరిని పిలుచుకొచ్చింది ఆవిడే. లోపలికి రమ్మంటే రాలేదు. "ఆ కారు సూత్తే నాకు కాలూ సెయ్యీ ఆడదు మేడమ్. మీరే సూడండి. దయానందం అయ్యగారు మా ఆయనకి తండ్రి లాంటోరు. ఆటో సప్పుడు ఇంటే చెయ్యూపి పలకరిత్తారు గానీ ఆటో కింద పడతారేటి?" అంది.

గౌరీశ్వరి సంచిలోంచి పాత పేపరు తీసి కారు వెనక పరిచింది. చున్నీ నడుముకి చుట్టుకుని వెల్లకిలా పడుకుని, సెల్ టార్చి వేసుకుని కారు కిందికి జరిగింది.

"ఆయిల్ అంటుకుంటుంది ఆంటీ, చూసుకోండి," అని వాడు పకపకా నవ్వాడు.

నవ్వనీ. ఇలా నవ్వినోళ్లు చాలామంది తరవాత ఆవిడ కాళ్లు పట్టుకున్నారు.

గొట్టం పొడవునా టార్చి తిప్పింది. సముద్రం గాలికి ఈ ఊళ్లో ఏ ఇనుమైనా ఆర్నెల్లకి ఎర్రబడిపోతుంది. గొట్టం కూడా అలాగే తుప్పు పట్టి ఉంది. కానీ దాన్ని పట్టుకున్న రెండు క్లాంపులు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. బోల్టుల మీద స్పానరు గీతలు పచ్చిగా ఉన్నాయి. కారుకి గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు ముక్క మీద ఏదో పచ్చగా కనపడితే గోరుతో గీరి చూసింది. పసుపు. పసుపు మధ్యలో కుంకుమ చుక్క, వేడికి మాడి నల్లబడింది.

ఆ పైన రేకు మీద చెయ్యేసి నిమిరి, బయటికొచ్చి పేపరు మడుస్తుంటే మణికట్టు దురదపెట్టింది. గోకింది. ఇంకా దురద. వెలుతురులో చూస్తే చర్మం మీద సన్నటి తెల్లటి నూగు. గౌరీశ్వరి మొహం విప్పారింది. గాజు దూది! సౌండ్ తగ్గించే డబ్బాల్లో కూరే దూది. డబ్బా లోపల చిల్లుల గొట్టం ఉంటుంది, దాని చుట్టూ ఈ దూది ఉంటుంది. పొగ దాంట్లోంచి పోతూ మోతంతా దూదిలో వదిలేసి, బయటికొచ్చేసరికి బుద్ధిగా వస్తుంది. స్ట్రెయిట్ పైపులో ఈ దూదికేం పని?

"బాబూ, ఈ పైపు ఎప్పుడు బిగించావు?"

"మూడేళ్లు దాటింది."

"మధ్యలో విప్పావా?"

"ఎందుకు విప్పుతాను? ఆ సౌండ్ నా ప్రాణం."

"మరి నీ ప్రాణానికి పసుపెవరు రాశారు?"

వాడి నవ్వు సగంలో ఆగింది. "పసుపా? మా అమ్మ అయ్యుంటుంది. ఏ బండికైనా రాస్తుంది."

"బండికి రాస్తారు. స్టీరింగుకి రాస్తారు. కారు కింద దూరి రబ్బరు ముక్కకి బొట్టెట్టే అమ్మని నేనింతవరకూ చూళ్లేదు. పోనీ ఇది చెప్పు, ఎడమ పక్క అద్దానికి కవరెప్పుడు మార్చావు? కుడివైపుది ఎండకి వెలిసిపోయింది, ఇది షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది."

వాడు ఫోన్ పట్టుకుని వరండా చివరికి పోయాడు, అటు తిరిగి గుసగుసగా ఏదో మాట్లాడాడు. నాన్నకి చేసుంటాడు, ఇంకెవరికి చేస్తాడు, అనుకుంది గౌరీశ్వరి.

వచ్చింది మాత్రం నాన్న కాదు. ఆవిడ మణికట్టు కడుక్కునేలోపే పోలీసు జీపు గేటు ముందు ఆగింది. సీఐ దేవీప్రసాద్ దిగాడు. ఆరడుగులు దాటిన మనిషి, పోర్టికోలో వేలాడుతున్న పూలకుండీ నెత్తికి తగలకుండా తల వంచి వచ్చాడు. ఈ కేసు ఆయనదే.

"ఏంటి గౌరీశ్వరి గారూ! ఉద్యోగం పోయినా కార్ల కింద దూరే అలవాటు పోలేదా?"

"మీరు పైపైన చూసి వదిలేస్తారు కదా సీఐ గారూ. కింద ఎవరో ఒకరు చూడాలిగా."

"ఏం కనపడింది? తుప్పా?"

"తుప్పు స్టేషన్‌లో కూడా కనపడుతుంది. దానికింత దూరం రావక్కర్లేదు."

జీపు డ్రైవరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సీఐ దవడ బిగుసుకుంది.

"చూడండి మేడమ్. ఈ కారు సంగతి మీకంటే నాకు బాగా తెలుసు. దయానందం అర్జీ మీద నోటీసిచ్చింది నేను. సౌండ్ తగ్గించకపోతే ఆ గొట్టం పీకించి రోడ్డు రోలర్ కింద పెట్టిస్తానన్నాను. వీడు తగ్గించలేదు. అసలిదొక కారా? కూర్చుంటే రోడ్డు మీద చతికిలపడ్డట్టే ఉంటుంది, నడుం పట్టేస్తుంది. ఇంత మోత చేసే బండి వెనకాల వస్తుంటే, చెవులు పనిచేసే మనిషి పక్కకి తప్పుకోడా? మీ తెలివికి తట్టలేదా ఇది?"

"తట్టింది. మూడేళ్లుగా ఈ మోత వినగానే కాలవ గట్టెక్కేసే మనిషి నిన్న ఎందుకు ఎక్కలేదో, అదొక్కటే తట్టలేదు. పదండి, ఆయన ఇంట్లో అడుగుదాం. మీ వాళ్లు వాళ్లింట్లో ఏం అడిగారు?"

"అడగడానికేముంది? చావింట్లో ఏడుస్తుంటారు."

"అంటే అడగలేదు. గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేశారు. శభాష్."

దయానందం గారిల్లు అదే రోడ్డులో నాలుగిళ్ల అవతల. మిరియంతో పాటు సీఐ కూడా వెంట వచ్చాడు. "మీ సరదా ఎందుకు కాదనాలి?" అన్నాడు గానీ, అంత తీరిక ఈయనకెక్కడిదా అని గౌరీశ్వరి అనుకోలేదు. ఓడిపోతుంటే పక్కన నిలబడి చూడాలని వస్తున్నాడనుకుంది. అది నిజమైతే ఆవిడకీ అంతకంటే కావలసింది లేదు.

ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. చర్చి ఆడవాళ్లు గోడకి ఆనుకుని కూర్చున్నారు. దయానందం గారి భార్య రత్నమణి వాళ్ల మధ్య ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మిరియం వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. రత్నమణి మిరియం తల మీద చెయ్యేసింది. మొగుణ్ణి చంపాడని పోలీసులు పట్టుకున్న వాడి భార్య తల మీద! గౌరీశ్వరి ఆ చేతిని చూసి, పక్కనున్న సీఐ మొహం చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"వందనాలమ్మా," అంది గౌరీశ్వరి. "ఈ సమయంలో అడగకూడదు. కానీ బెన్సన్‌ని ఈ మధ్యాహ్నం తీసుకుపోతున్నారు."

"బెన్సన్ సెయ్యలేదమ్మా ఆ పని. నాను ఎవుల్తో సెప్పను? నన్ను ఎవులూ అడగలేదు."

"నేనడుగుతున్నాను. ముందు కాసిని మంచినీళ్లు తాగండి." లేచి తానే వంటింట్లోకి వెళ్లింది. కడవలో గ్లాసు ముంచుతుంటే కిటికీ గూట్లో ఉన్నది కంటబడింది.

కొబ్బరిచెక్క. ముట్టుకోని చెక్క. లోపలి తెలుపు కొంచెం రంగు మారింది. పీచు మీద పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఏసుక్రీస్తు పటం తప్ప ఇంకో దేవుడి బొమ్మ లేని ఇంట్లో!

నీళ్లు రత్నమణికిచ్చి, చెక్కని ముందు పెట్టింది. "ఇదెక్కడిదమ్మా?"

"అదా? ధనలక్ష్మి వదిన తెచ్చింది. ఆ కారబ్బాయి తల్లి. గురువారం దీపాలెట్టే యేల వచ్చింది."

"మీ మీద కోపం లేదూ ఆవిడకి? అర్జీలు పెట్టారని?"

"ఆవిడకేం కోపం! ఆ మోతకి మా కంటే ఆవిడే ఎక్కువ ఏడిసింది. ఆ సాయంత్రం నవ్వుకుంటా వచ్చింది. 'అన్నయ్యగారూ, మావోడు ఆ గొట్టం తీయించీసి పెద్ద డబ్బా ఏయించీసేడు, ఇప్పుడు కారు వచ్చినా నాకే తెల్డం లేదు. సప్పుడు తగ్గితే ఇనాయకుడికి కాయ కొడతానని మొక్కుకున్నాను. ఆ కొత్త డబ్బాకి పసుపు రాసి పూజ సేయించేను. మీ ఉసురు మావోడికి తగలకూడదు, ఈ చెక్క మీ ఇంటికే' అనీసి ఆయన సేతిలో ఎట్టింది."

"మరి మీరు తినలేదేం?"

"పూజలో కొట్టింది మేం తినం కదమ్మా. తింటే మా మనసొప్పదు. పారేత్తే ఆవిడ మనసు నొచ్చుకుంటాది. అలగే కిటికీలో ఎట్టీసేను." రత్నమణి గ్లాసు కింద పెట్టేసింది. "ఆయనైతే సిన్నపిల్లాడిలాగ సంబరపడిపోయేరు. మూడేళ్లూ కాలవని అంటుకునే నడిసేరు, ఎనక ఆ సప్పుడు ఎప్పుడొత్తాదో అని. నిన్న పొద్దున సెప్పులేసుకుంటా, 'రత్నా, ఈ యేళ నాను రోడ్డు మధ్యలో నడుత్తాను' అని నవ్వి ఎల్లేరు."

మిరియం మొహం కప్పుకుంది.

గౌరీశ్వరి సీఐ వైపు తిరిగింది. ఈ క్షణం కోసమే కదా పొద్దున్నుంచి ఎండలో తిరిగింది. ఇంకా ఎందుకు దాచుకోవాలి?

"విన్నారా సీఐ గారూ? చెవులు పనిచేసే మనిషి ఎందుకు తప్పుకోలేదని అడిగారు కదా. ఆ కారు చప్పుడు లేకుండా వచ్చింది. చప్పుడు లేకపోతే కారు లేదని ఆయన అనుకున్నాడు. ఎడమ అద్దం ఆయన మోచేతికి తగిలింది. గుద్దినవాడు ఆపకుండా పోయి, డబ్బా విప్పించి, పాత గొట్టం బిగించి, అద్దం కవరు మార్చి, 'నా కారు మోత ఎవరైనా విన్నారా' అని కాలరెగరేస్తున్నాడు. మీరు దానికి తల ఊపారు. ఎందుకంటే కాలవ గట్టు దగ్గర వెతకటం కన్నా ఎదురుగా ఉన్న ఆటోని పట్టుకోవటం మీకు సులువు. ఆ కాంట్రాక్టరు గారి అబ్బాయిని అడగటం కన్నా ఆటోవాణ్ణి కొట్టడం సులువు. ఒక కొబ్బరిచెక్క పట్టిచ్చిన దొంగని మీ స్టేషనంతా కలిసి పట్టలేకపోయింది."

ఎదురు తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. చెక్కని ఒకసారి చూశాడు. తరవాత రత్నమణిని చాలా మెత్తగా అడిగాడు. "ధనలక్ష్మి గారు ఇంకేమైనా అన్నారా అమ్మా? ఆ రాత్రి కారు ఎక్కడుందో, ఎవరు తోలారో?"

"ఇంకేటీ అనలేదు బాబూ."

"సరే." జేబురుమాలుతో చెక్కని పట్టుకుని ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాడు. "ఒప్పుకున్నాను గౌరీశ్వరి గారూ. మీరే గెలిచారు. ఆ డబ్బా ఇప్పుడెక్కడుందంటారు?"

"ఆటోనగర్‌లో మెకానిక్ వరహాలు షెడ్డులో తప్ప ఇంకెక్కడుంటుంది? ఇలాంటి పిచ్చి పనులు ఈ చుట్టుపక్కల చేసేది వాడొక్కడే. బిగించిందీ వాడే, విప్పిందీ వాడే. నాలుగు అడిగితే ఎవడు తెచ్చాడో కక్కేస్తాడు."

"నేను చూసుకుంటాను. బెన్సన్ సంగతి కూడా నేనే చూసుకుంటాను. మీరు కంగారుపడకండి."

జీపు వెళ్లిపోయింది. చర్చి ఆడవాళ్లలో ఒకావిడ టీ తెచ్చిచ్చింది. గౌరీశ్వరి తీరిగ్గా కూర్చుని తాగింది. ఇన్నేళ్లలో దేవీప్రసాద్ నోట 'మీరే గెలిచారు' అన్న మాట వినటం ఇదే మొదలు. గ్లాసు చివరిదాకా ఆ మాటనే చప్పరించింది. తరవాత ఉదయ్‌కుమార్ మొహం చూసి రావాలనిపించి లేచింది.

వాడు కారు పక్కనే మెట్టు మీద కూలబడి ఉన్నాడు.

"లే బాబూ," అంది గౌరీశ్వరి. "బట్టలు సర్దుకో. మీ అమ్మ ఇచ్చిన కొబ్బరిచెక్క నిన్ను పట్టించింది. మనిషిని పడగొట్టి కనీసం దిగి చూళ్లేదు నువ్వు. చూసినవాడు లాకప్‌లో ఉన్నాడు."

వాడు తలెత్తాడు. ఏడుస్తున్నాడు. అంతలో లోపలి గుమ్మంలోంచి కేక వినపడింది.

"మావోడు కాదమ్మా!" ధనలక్ష్మి పరుగున వచ్చింది, జుట్టు ముడి ఊడిపోయి. "మావోడు ఎవుల్నీ గుద్దలేదు. ఆ రాత్రి కారు మా ఇంట్లోనే లేదు!"

"అమ్మా, నోర్ముయ్యి!"

"నువ్వు ముయ్యరా గుంటడా! నిన్ను అట్టుకెల్పోతంటే నాను నోరు మూసుకుంటానేటి?" గౌరీశ్వరి రెండు చేతులూ పట్టుకుంది. "గురువారం పూజ సేయించి ఇంటికొచ్చీసరికి సీఐ గారు వచ్చేరమ్మా. సౌండు తగ్గిందో లేదో నాను తోలి సూడాల, పొద్దున్న తెచ్చిచ్చెత్తాను అనీసి తాళం అట్టుకెల్నారు. పొద్దున్న తేలేదు. నిన్న సాయంత్రం తెచ్చి ఎట్టీసేరు. సూత్తే మళ్లీ ఆ పాడు గొట్టమే ఉన్నాది. ఎందుకు మార్పించేరో నాకేటి తెల్దు. అడుగుతానంటే, మాటాడితే నన్నే లోపలేసెత్తాడు అని ఈడు ఏడుపు!"

గౌరీశ్వరి కారు వైపు చూసింది. తెరిచి ఉన్న తలుపులోంచి సీటు కనపడుతోంది. ఉదయ్ రెండుసార్లు ముందుకు లాక్కున్న సీటు. వాడి సొంత కారులో వాడి కాళ్లెందుకు అందలేదు? అంతకు ముందు అందులో కూర్చున్నవాడు ఎంత పొడుగు మనిషి? 'కూర్చుంటే నడుం పట్టేస్తుంది' అన్నాడు దేవీప్రసాద్. తన మొహం మీదే అన్నాడు! తుప్పు కూడా వదలకుండా చూసే గౌరీశ్వరి, మనిషి మాట వినకుండా వదిలేసింది. ఎదుటివాణ్ణి ఎలా దెబ్బకొట్టాలా అని చూసుకుంటుంటే ఇంకేం వినపడుతుంది?

ఓసి నా బుద్ధి తగలెయ్య! కొబ్బరిచెక్క వాడి చేతికే ఇచ్చింది. వరహాలుని అడిగితే కక్కేస్తాడని వాడికే చెప్పింది. పైగా టీ తాగింది.

"మేడమ్!" మిరియం గేటు తోసుకుని లోపలికి వచ్చేసింది. చేతిలో ఫోన్ ఉంది. "మా చర్చికొచ్చే కానిస్టేబులు అన్నయ్య ఫోన్ సేసేరు. సీఐ గారు మా ఆయన్ని ఒక్కర్నే జీపెక్కించుకుని, డ్రైవర్ని కూడా దించీసి, ఆయనే తోలుకుని ఆటోనగర్ ఎల్లేరంట. కోర్టుకేనా మేడమ్? కోర్టుకైతే ఆటోనగర్ ఎందుకెల్తారు?"

మిరియంకి చెప్పగలిగే జవాబు కాదది. ఆటోనగర్‌లో డబ్బా ఉంది, దాన్ని విప్పించిందెవరో తెలిసిన వరహాలు ఉన్నాడు. అక్కడ ముద్దాయి బేడీలు విప్పుకుని మెకానిక్‌ని కొట్టి చంపి పారిపోబోయాడంటే, కాల్చక తప్పలేదంటే, కాదనేవాళ్లెవరు మిగులుతారు? గౌరీశ్వరి వరహాలుకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"ధనలక్ష్మి గారూ, కమిషనర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. నాతో చెప్పిందంతా చెప్పండి, ఒక్క ముక్క వదలకుండా. బాబూ, తాళం ఇటియ్యి."

"ఆంటీ, అది మీరు తోల్లేరు..."

"బేగి ఇయ్యరా, ఎదవ!" కోపమొస్తే ఆవిడకి సొంతూరు ఎలమంచిలి భాషే వస్తుంది. వాడు ఇచ్చేశాడు.

రెండే సీట్ల కారు. మిరియం ఒక్క క్షణం తలుపు దగ్గర ఆగి, కళ్లు మూసుకుని ఎక్కి కూర్చుంది. "సప్పుడు సేత్తాది మేడమ్. మనం వత్తన్నామని ఆడికి తెలిసిపోతాది."

"తెలియాలి మిరియం. వాడికీ తెలియాలి, ఊరికీ తెలియాలి. అందరూ బయటికొచ్చి చూస్తుంటే వాడేం చెయ్యలేడు. ఈ దరిద్రపు మోతకి ఈ ఒక్క పూటైనా ఒక పని పడింది."

బటన్ నొక్కింది.

రోడ్డు పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. రత్నమణి గేటు పట్టుకుని నిలబడి చూసింది. దువ్వాడ రోడ్డు మీదకి రాగానే, రోజూ లాగే ఆటోలన్నీ ఒకదాని తరవాత ఒకటి పక్కకి జరిగిపోయాయి. గౌరీశ్వరి కాలు తియ్యలేదు. చెవులు పోయినా ఫరవాలేదనుకుంది.

ఆటోనగర్‌లో వరహాలు షెడ్డు ముందు జీపు ఖాళీగా ఉంది. షట్టరు నేల దాకా దించి ఉంది. గౌరీశ్వరి కారుని షట్టరు ముందుకి తెచ్చి నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి పట్టింది. రేకు షట్టరు గడగడా కొట్టుకుంది. పక్క షెడ్లలోంచి వెల్డర్లు, టింకర్లు, బ్యాటరీల వాళ్లు, టీ కొట్టు వాళ్లు, అందరూ చెవులు మూసుకుని తిట్టుకుంటూ బయటికొచ్చారు. వచ్చినవాళ్లు అక్కడే నిలబడిపోయారు. కొందరు ఫోన్లు తీశారు.

చాలాసేపటికి షట్టరు కదిలింది. మోకాలెత్తు లేచి ఆగింది.

ముందు చెప్పుల్లేని రెండు కాళ్లు కనపడ్డాయి. మిరియం వాటిని గుర్తుపట్టి మొగుడి పేరు పెట్టి అరిచింది. ఆ మోతలో అరుపు ఎవరికీ వినపడలేదు, కానీ కాళ్లు ఇటు తిరిగాయి.

వాటి వెనకే పోలీసు బూట్లున్నాయి. మధ్యలో నేల మీద, గౌరీశ్వరి భయపడ్డట్టే, తాళం తీసేసిన బేడీలు పడి ఉన్నాయి.